తీగకు గుచ్చిన బిళ్ళలు

విశాఖపట్నం,
4 నవంబరు 2024

తాతకి ఫాయిజా సలాం.

నీ ఆరోగ్యం, నాయనమ్మ మోకాలు అడిగి మొదలుపెట్టడం మర్యాద. మర్యాద తర్వాత. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. మన షెడ్డులో గాలి పంపు పైన తీగకు గుచ్చి వేలాడదీసిన ఇత్తడి బిళ్ళలు ఎన్ని?

చిన్నప్పుడు వాటిని కర్రతో కొట్టి మోగించేదాన్ని. ఇవేంటి అని అడిగితే, "బండ్లలోంచి పీకిన చెత్త. మన నరసరావుపేట ఎండలకి ఇవెందుకు?" అనేవాడివి. ఈ రోజు మా మోటార్ మెకానిక్ క్లాసులో సార్ అలాంటి బిళ్ళనే బల్ల మీద పెట్టి, "ఇదేమిటి?" అని అడిగారు. నాకు తెలిసిన వస్తువు కనిపించిందన్న సంబరంలో లేచి నిలబడి, "థర్మోస్టాట్ సార్, తీసి పారేసేది" అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ మాత్రం నవ్వలేదు. "ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. నీ పేరు చెప్పలేకపోయాను తాతా.

అది చెత్త కాదట. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు ఆ బిళ్ళ తలుపులా మూసుకుని నీళ్ళను రేడియేటరుకు పోనివ్వదు. ఇంజన్ తగినంత వేడెక్కాక తెరుచుకుంటుంది. అది లేని బండి ఎన్ని మైళ్ళు తిరిగినా సరిగ్గా వేడెక్కదు. పెట్రోలు పూర్తిగా కాలదు, నల్లపొగ వస్తుంది, నూనెలో తేమ చేరి వెన్నలా పేరుకుంటుంది, లోపలి భాగాలు తొందరగా అరిగిపోతాయి. ఎండాకాలంలో అయినా అంతేనట.

"నివ్వెరపోవడం" అనే మాటను లైబ్రరీ పుస్తకంలో చూసి పోయిన వారమే నా నోటుబుక్కులో రాసుకున్నాను. దాని అర్థం ఇవాళ తెలిసింది. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నాయనమ్మతో చెప్పిద్దామంటే బిళ్ళ అనగానే తలనొప్పి బిళ్ళ తెచ్చిస్తుంది. అందుకే ఉత్తరం.

క్లాసులో తలెత్తలేక తలుపు పక్కన కూర్చున్న
నీ ఫాయిజా

*

నరసరావుపేట,
10–11–2024

ఫాయిజాకి తాత దువా.

ఏందమ్మా నువ్వు రాసింది? రెండుసార్లు చదివా. కళ్ళజోడు తుడుచుకొని మూడోసారి చదివా. అరవై మూడు. స్టూలెక్కి లెక్కపెట్టా.

మా ఉస్తాద్ జాన్ సాహెబ్ మొదటి రోజే చెప్పాడు. బండి షెడ్డుకొస్తే ముందు ఆ బిళ్ళ పీకరా, ఎండాకాలం గొడవుండదు అన్నాడు. ఎందుకని అడిగా. స్పానర్‌తో మోకాలి మీద ఒకటిచ్చాడు. మళ్ళా అడగలా. నలభై ఏళ్ళు పీకా. పీకినందుకు దణ్ణం పెట్టి పోయినోళ్ళే గానీ తిట్టినోళ్ళు లేరు. నిన్నగాక మొన్న స్పానర్ పట్టిన పిల్ల నాకు చెప్పొచ్చింది అని నాయనమ్మ కాడ అరిచా కూడా. ఆమె "పిల్ల చెప్పింది తప్పా?" అంది. తప్పో కాదో నాకే తెలవదు గదా, ఏం చెప్పేది?

అసలు సంగతి విను. ఎరువుల కొట్టు బాలకోటయ్య శెట్టిగారి తెల్ల అంబాసిడర్ నీకు తెలుసుగా, ఆయన నాయన కొన్న బండి. నేను చేస్తన్న పాత బండ్లలో మిగిలింది అదొక్కటే. వచ్చే నెల 27న దాన్ని ఫిట్‌నెస్‌కి నిలబెట్టాల. నల్లపొగ పోకపోతే కాగితం రాదు, కాగితం రాకపోతే తుక్కుకే. కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగా. పొగ పోలా. చలికి పొద్దున చోక్ లాగితే గానీ బండి కదలదు.

నీ ఉత్తరం చదివాక పోయి నూనె పోసే మూత విప్పి చూశా. ఫాయిజా, దాని అడుగున తెల్లగా వెన్న. అక్కడే కింద కూర్చుండిపోయా. శెట్టిగారు "ఏందయ్యా పీర్ సాహెబూ, దెయ్యాన్ని చూసినోడిలా అయ్యావు?" అన్నాడు. దెయ్యమైతే తాయెత్తు కట్టేవాణ్ణి.

కొత్త బిళ్ళ ఈ ఊళ్ళో దొరకలా. గుంటూరోళ్ళూ లేదన్నారు. తీగ మీద అరవై మూడున్నాయి గదా, వాటిల్లో పనికొచ్చేది ఎట్టా కనిపెట్టాలో రాయి. ఎట్టా బిగించాలో కూడా రాయి. పీకటమే గానీ పెట్టటం నాకు రాదు. ఈ మాట ఎవరికీ చెప్పమాక.

తాత పీర్ సాహెబ్

*

విశాఖపట్నం,
15 నవంబరు 2024

బిళ్ళలన్నీ లెక్కపెట్టిన తాతకి, గర్వంతో పొంగిపోయిన ఫాయిజా సలాం.

నువ్వు నన్ను అడిగావు! ఉత్తరాన్ని హాస్టల్లో అందరికీ చూపించాను. ఎవరికీ చెప్పవద్దన్న వాక్యాన్ని మాత్రం వేలితో కప్పి చూపించాను.

నాకు ఈ మధ్య ఒక పిచ్చి పట్టింది తాతా. సాయంత్రాలు లైబ్రరీలో తెలుగు పుస్తకాల బీరువా దగ్గరే ఉంటున్నాను. మంచి మాట కనిపిస్తే రాసుకుంటాను. యంత్రాల గురించి కూడా అందంగా రాయొచ్చు గదా అనిపిస్తుంది. మా పాఠ్యపుస్తకంలో వాక్యాలు ఇనుప ముక్కల్లా ఉంటాయి. నీకు అలా రాయను.

పాత బిళ్ళలో ప్రాణం ఉందో లేదో నీళ్ళే చెబుతాయి. గిన్నెలో నీళ్ళు మరగనివ్వు. బిళ్ళను దారానికి కట్టి ఆ నీళ్ళలోకి మెల్లగా దించు. ప్రాణం లేనిది రాయిలా ఉండిపోతుంది. ప్రాణం ఉన్నది, పొద్దుటి ఎండ తగిలిన తామర మొగ్గలా, నీ కళ్ళముందే విచ్చుకుంటుంది. బయటికి తీస్తే సాయంత్రం వేళ మొగ్గలాగే ముడుచుకుంటుంది. అదే నీకు కావలసింది. బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. కింద పాత కాగితపు వాషరు గీకేసి కొత్తది వెయ్యి.

ఈ పేరా నాలుగుసార్లు తిరగరాశాను. ఎలా ఉందో తప్పకుండా చెప్పు. శెట్టిగారికి చదివి వినిపించినా నాకేం అభ్యంతరం లేదు.

తామర మొగ్గ కోసం ఎదురుచూసే
ఫాయిజా

*

నరసరావుపేట,
22–11–2024

ఫాయిజాకి తాత దువా.

నువ్వు రాసినట్టే చేశా. నాయనమ్మ పాలగిన్నె అడిగితే ఇయ్యలా. టీ కొట్టు కాడ సొట్టగిన్నె తెచ్చా. ఇరవై బిళ్ళలు దించా, ఇరవయ్యీ రాళ్ళే. శెట్టిగారు ఎదురుగా స్టూలేసుకొని కూర్చొని "ఇదేం వంటయ్యా? ఉప్పేశావా?" అంటాడు. ఇరవై ఒకటోది కాసేపు ఊరుకుంది. నీళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. తీసేద్దామనుకునేలోపు విచ్చుకుంది చూడూ. అచ్చం నువ్వు రాసినట్టే. మొగ్గే. నేను అరిచిన అరుపుకి పక్క షాపోళ్ళు వచ్చారు. నీ ఉత్తరం శెట్టిగారికి చదివి వినిపించా. "మీ మనవరాలు మెకానిక్కు కాదయ్యా, కవి" అన్నాడు. రెండూ అన్నా.

నిన్న బిగించా. స్ప్రింగు లోపలికే. రేపు పొద్దున శెట్టిగారు, నేను శావల్యాపురం దాకా పోయి వస్తాం, ఎట్టా ఉందో చూడటానికి. నీ ఉత్తరం జేబులోనే పెట్టుకుంటా.

తాత

*

నరసరావుపేట,
29–11–2024

ఫాయిజాకి.

బాగున్నాం. బండి గురించి తర్వాత. పరీక్షలు వస్తన్నాయి గదా, చదువుకో. ఊరికే ఉత్తరాలు రాయమాక.

తాత

*

విశాఖపట్నం,
4 డిసెంబరు 2024

తాతకి ఫాయిజా సలాం.

ఉత్తరం విప్పి చూశాను. మూడంటే మూడే వరసలు. అక్షరాలన్నీ ఎడమవైపు ఒరిగి, గాలికి పడిపోయిన మిరప మొక్కల్లా ఉన్నాయి. కోపంతో రాస్తే అక్షరాలు అలా అవుతాయని నాకు తెలుసు. ఆరో తరగతిలో నీ వెర్నియర్ కాలిపర్ పోగొట్టినప్పుడు పలక మీద నువ్వు రాసిన తిట్లు కూడా ఇలాగే ఒరిగి ఉన్నాయి.

నేనేం తప్పు చేశాను? క్లాసులో నవ్వులపాలైన సంగతి రాయడమా? నీ నలభై ఏళ్ళ పనిని ఒక్క కాగితంతో తప్పు పట్టడమా? శెట్టిగారి ముందు నిన్ను చిన్నబుచ్చానా? ఆదివారం నాయనమ్మకు ఫోన్ చేస్తే, "తాత షెడ్డులో ఉన్నాడు" అని పెట్టేసింది. ఆదివారం నువ్వు షెడ్డు తీయవు కదా!

తాతా, ఇక నీకు పాఠాలు చెప్పను. బండ్ల సంగతి ఎత్తను. శెట్టిగారి బండి ఎలా పోయిందో ఒక్క ముక్క రాస్తే చాలు. నల్లపొగ ఆగిందా? నా పేరా ఎలా ఉందో చెప్పకపోయినా ఫర్వాలేదు.

నీ కోపం తగ్గేదాకా అన్నం సరిగ్గా తినని
ఫాయిజా

*

నరసరావుపేట,
9–12–2024

ఫాయిజాకి.

కోపం లేదు. చలికి చెయ్యి వణుకుతోంది, అంతే. అన్నం తిను.

తాత

*

విశాఖపట్నం,
11 డిసెంబరు 2024
స్పీడ్ పోస్టు

తాతా,

ఇది చదవగానే శెట్టిగారి బండిని ఆపు. బిళ్ళ తీసేయి. ముందు ఆ పని చేసి, తర్వాత మిగతాది చదువు.

ఇవాళ ల్యాబులో అదే పరీక్ష చేశాం. సార్ నాకు రెండు బిళ్ళలు ఇచ్చారు. మరుగుతున్న నీళ్ళలో వేశాను. రెండూ తెరుచుకున్నాయి. "రెండూ మంచివే సార్" అన్నాను. ఆయన నీళ్ళు పారబోసి, చల్లని నీళ్ళు పోసి, థర్మామీటరు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి వేడి చేయమన్నారు. ఒకటి ఎనభై రెండు దగ్గర కదిలింది. రెండోది తొంభై దాటినా కదల్లేదు. తొంభై అయిదుకూ కదల్లేదు. తొంభై ఎనిమిది దగ్గర బద్ధకంగా తెరుచుకుంది. సార్ దాన్ని చెత్తడబ్బాలో పడేసి అన్నారు: "ఉడికే నీళ్ళలో వేసి చూసేవాడు దీన్ని మంచిదనే బిగిస్తాడు. ఇది తెరుచుకునేలోపు ఇంజన్ ఉడికిపోతుంది."

గదికి పరుగెత్తి నోట్సు తీశాను. అక్కడ ఉంది తాతా. నా చేతిరాతలోనే ఉంది. "82 డిగ్రీలకు మొదలై 95 లోపు పూర్తిగా." నీకు రాసిన పేరా చిత్తుప్రతిలో కూడా ఉంది. దాని మీద నేనే గీత కొట్టాను. తామర మొగ్గ పక్కన అంకె బాగోలేదని కొట్టాను. నాలుగుసార్లు తిరగరాశానని గొప్పగా చెప్పాను కదా, ఆ నాలుగుసార్లలో చేసింది ఇదే.

నీ ఇరవై ఒకటో బిళ్ళ కాసేపు ఊరుకుందని రాశావు. ఆ వాక్యాన్ని ఇప్పుడు మళ్ళీ చదివాను. ఆ మూడు వరసల ఉత్తరం కూడా మళ్ళీ చూశాను. కోపంతో రాస్తే అక్షరాలు ఒరగడమే కాదు, పెద్దవీ అవుతాయి. ఇవి పెద్దవి కావు. ఇవి వేరే చేతి అక్షరాలు.

తాతా, నీ కుడిచేతికి ఏమైంది?

ఫాయిజా

*

నరసరావుపేట,
17–12–2024

ఫాయిజాకి తాత దువా.

నీ ఉత్తరం వచ్చేసరికే అంతా అయిపోయింది. దాస్తే నీ చదువు చెడదనుకున్నా. అక్షరాలు చూసి కనిపెట్టేశావు. ఎడమచేత్తో రాస్తన్నా, నాలుగు పూటలు పట్టింది, ఓపిగ్గా చదువు. నేనూ స్పీడ్ పోస్టులోనే పంపుతన్నా.

ఆ రోజు నల్లపొగ లేదు. బండి బలే లాగింది. శెట్టిగారు పాటందుకున్నాడు కూడా. శావల్యాపురం ఇంకా మూడు కిలోమీటర్లుందనగా ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదకెళ్ళింది. "పీర్ సాహెబూ, ముల్లు చూడయ్యా" అన్నాడు. పక్కకి ఆపించి బానెట్ ఎత్తి రేడియేటర్ పైగొట్టం పట్టుకున్నా. చల్లగా ఉంది ఫాయిజా. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

నలభై ఏళ్ళుగా నా చేతికి తెలిసింది ఒకటే. గొట్టం కాలితే ఇంజన్ కాలుతున్నట్టు, గొట్టం చల్లగుంటే ఇంజన్ చల్లగున్నట్టు. నా చెయ్యే నాకు మీటరు. ముల్లు అబద్ధం చెబుతోంది, బిళ్ళ కాడ ఏదో ఇరుక్కుంది అనుకున్నా. "ఆగవయ్యా, కాసేపు ఆగి చూద్దాం" అన్నాడు శెట్టిగారు. నాకు సగం వినపడింది, మిగతా సగం వినదలుచుకోలా. బిళ్ళ మీద మూతకున్న నట్లు రెండు విప్పా. మూడోది సగం తిప్పా.

మూత లేచింది. ఆవిరీ నీళ్ళూ కలిసి మోచేతి దాకా కొట్టాయి.

గొట్టం అబద్ధం చెప్పలా. బిళ్ళ మూసుకొని ఉంటే గొట్టంలోకి వేడి నీళ్ళే రావు. వేడంతా బిళ్ళ కింద కూర్చొని ఉంటది. ఆ సంగతి ఈ చేతికి ఎట్టా తెలుస్తది? బిళ్ళ ఉన్న బండిని ఈ చెయ్యి ఎప్పుడూ పట్టుకోలా. ఉన్నవాటిల్లోంచి పీకి తీగకు గుచ్చిందంతా ఈ చెయ్యే.

శెట్టిగారు రోడ్డు మీద పోయే ఆటో ఆపి నన్నెక్కించి, దారిలో బోరు కాడ ఆపి చేతి మీద నీళ్ళు పోస్తానే ఉన్నాడు. తోలు ఊడింది, కొత్తది వస్తోంది. బొటనవేలు, చూపుడువేలు ముడుచుకుంటన్నాయి. మిగతా మూడూ ఇంకా మొరాయిస్తన్నాయి. స్పానర్ నిలవటం లా.

అంకె రాసుంటే ఆ బిళ్ళ పెట్టేవాణ్ణి కాదు. అది నిజం. కాదని చెప్పి నిన్ను ఊరడించను. కానీ నేనూ అడగలా గదా? ఎంత వేడికి విచ్చుకోవాల అని ఒక్క ముక్క నిన్ను అడగలా. ఉస్తాద్ కొట్టిన దెబ్బకి అడగటమే మానేశా. ముల్లు చూపించినా నమ్మలా. అంకె నువ్వు కొట్టేశావు, నేను నలభై ఏళ్ళుగా కొట్టేస్తానే ఉన్నా.

ఏడవమాక. పరీక్షలయ్యేదాకా రావద్దు, వస్తే తలుపు తీయను. నాకు రెండు కావాల. ఒకటి, ఆ ఊళ్ళో పాత సామాన్ల షాపులుంటాయి గదా, కొత్త బిళ్ళ దొరికితే నువ్వే పరీక్ష పెట్టి పంపు. రెండు, గోడకి అంటించటానికి ఒక కాగితం రాయి. ఎవరు చదివినా చెయ్యి కాలకూడదు. మొగ్గలొద్దు.

శెట్టిగారు రోజూ వచ్చి కూర్చుంటన్నాడు. ఇంజన్‌కేం కాలా, వెంటనే ఆపాం గాబట్టి. అయినా "పోతే పోయిందిలేవయ్యా ఆ బండి" అంటన్నాడు. పోదు అన్నా. ఇంకా పది రోజులుంది.

తాత పీర్ సాహెబ్

*

విశాఖపట్నం,
20 డిసెంబరు 2024

తాతా,

నీ ఉత్తరం నిన్న అందింది. నోటుబుక్కులో మాటలు ఉన్నాయి. వాటిని ముట్టుకోవాలనిపించలేదు.

పొట్లంలో బిళ్ళ ఉంది. డాబా గార్డెన్స్ వైపు పాత సామాన్ల షాపులో దొరికింది. ల్యాబులో మూడుసార్లు పరీక్షించాను. మొదటిసారి 82. రెండోసారి 82. మూడోసారి 83. సార్ పక్కనే నిలబడి చూశారు. ఇది తీసి పారేసేదని చెప్పింది మా తాతే అని ఆయనకు చెప్పాను. ఏం జరిగిందో కూడా చెప్పాను. ఆయన ల్యాబు థర్మామీటరు ఒకటి నా చేతిలో పెట్టి, "మీ తాతగారికి పంపు" అన్నారు. దూదిలో చుట్టి పెట్టాను.

గోడకు అంటించాల్సిన కాగితం ఇది:

బిళ్ళ కొత్తదైనా పాతదైనా, బిగించే ముందు పరీక్షించాలి.

చల్లని నీళ్ళలో బిళ్ళ, థర్మామీటరు రెండూ వేలాడదీయాలి. అడుగుకు తగలకూడదు. ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి.

82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. 95 లోపు పూర్తిగా తెరుచుకోవాలి. లేకపోతే వాడకూడదు.

స్ప్రింగు ఇంజన్ లోపలి వైపు.

పైగొట్టం చల్లగా ఉన్నంత మాత్రాన ఇంజన్ చల్లగా ఉన్నట్టు కాదు. ముల్లు పైకి వెళితే బండి ఆపి, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా, తక్కువలో తక్కువ గంటసేపు, ఏ మూతా ఏ నట్టూ తాకకూడదు.

ఇంతే తాతా. చివరిది నీ చెయ్యి చెప్పింది, నేను ఎత్తి రాశాను. కాగితం మధ్యలో ఒకచోట చిన్న చిరుగు ఉంటుంది. అలవాటు కొద్దీ ఒక మాట రాయబోయి గట్టిగా కొట్టేశాను. కాగితం మార్చలేదు. అలాగే అంటించు.

ఫాయిజా

*

నరసరావుపేట,
28–12–2024

ఫాయిజాకి తాత దువా.

పొట్లం 23న వచ్చింది. థర్మామీటరు పగలలా. నువ్వు మూడుసార్లు పరీక్షించినా నేను నాలుగోసారి పెట్టా, కోపం తెచ్చుకోమాక. 82.

బిగించింది శెట్టిగారు. పుట్టి బుద్ధెరిగి స్పానర్ పట్టని మడిసి. ధోవతి ఎగ్గట్టి, "ఎటు తిప్పాలయ్యా?" అంటాడు. కుడికి అంటే ఎడమకి తిప్పుతాడు. "నేను చెవిటోణ్ణి, నువ్వు కూడానా శెట్టీ?" అని అరిచా. నలభై ఏళ్ళలో ఆయన్ని గారు లేకుండా పిలవటం అదే మొదలు. ఆయన పకపకా నవ్వాడు. పైగొట్టం చల్లగా ఉందేమోనని చెయ్యి పెట్టబోయి, గోడ మీద కాగితం చూసి తనే వెనక్కి తీసుకున్నాడు. ముల్లు మధ్యకొచ్చి ఆగింది. ఈసారి బొల్లాపల్లి దాకా పోయి వచ్చాం. అక్కడే ఉంది, కదల్లా.

నిన్న బండి నిలబెట్టాం. పొగ మీటరు పెట్టి చూశారు. కాగితం ఇచ్చారు. అయిదేళ్ళు.

ఇంకోటి చెప్పాల. తీగ విప్పేసి మిగతావన్నీ కూడా ఒక్కోటే మీటరు పెట్టి చూశా. నాలుగు రోజులు పట్టింది. అరవై మూడింట్లో సరిగ్గా విచ్చుకున్నయ్యి తొమ్మిది. మిగతా యాభై నాలుగూ, నా చెయ్యి కాల్చింది కూడా కలిపి, చిలుముకి బిగుసుకుపోయినయ్యి. నాయనమ్మ "పోనీలే, తొమ్మిదన్నా ఉన్నాయిగా" అంది. ఆమెకేం చెప్పను? నేను పీకిన రోజున అరవై మూడూ బతికున్నయ్యే ఫాయిజా.

ఆ తొమ్మిదీ ఎవరి బండ్లవో గుర్తు తెచ్చుకుంటన్నా. మాచవరం జీపు ఒకటి ఇంకా తిరుగుతోందట. పోయి అడుగుతా.

పరీక్షలయ్యాక రా. నోటుబుక్కు తెచ్చుకో, మాటలు మానేయమాక. తామర మొగ్గ నాకు నచ్చింది, అప్పుడు చెప్పలా. ఈసారి దాని పక్కన అంకె కూడా పెట్టు.

పైనదంతా ఎడమచేత్తో రాశా. కిందది కుడిచేత్తో. చానాసేపు పట్టింది.

82